సాంబ మసూరిలో మూడు జన్యువులు

బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 వరి రకం 1986లో విడుదలైంది. దాని అధికారిక పేరు సాంబ మసూరి. రైతుల నోట మాత్రం అది బీపీటీయే. గింజ సన్నం, అన్నం తేలిక, మార్కెట్లో ధర బాగా పలుకుతుంది. అందుకే దాని బలహీనతలన్నీ తెలిసి కూడా దాదాపు 40 ఏళ్లుగా రైతులు దాన్ని వదల్లేదు. ఆ బలహీనతల్లో పెద్దది ఎండాకు తెగులు.

ఆ బలహీనతను హైదరాబాద్‌లోని రెండు పరిశోధన సంస్థలు కలిసి సరిచేశాయి. ఎలా సరిచేశాయో ఒక్కో మెట్టూ చూస్తే జన్యుశాస్త్రంలో ప్రాథమిక విషయాలు, ప్రయోగశాల పద్ధతులు చాలావరకు అర్థమవుతాయి. ఇప్పుడు తెలుసుకోవాల్సిన అవసరం కూడా ఉంది. 2025 మే నెలలో అదే సాంబ మసూరి నుంచి జన్యు సవరణ ద్వారా తయారుచేసిన 'కమల' అనే రకాన్ని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. మొదటిది, రెండోది ఒకే రకం పని కాదు. ఆ తేడా తెలియకపోతే ఏ విత్తనం గురించి ఏం అడగాలో కూడా తెలియదు.

ముందు తెగులు సంగతి. ఎండాకు తెగులును కలిగించేది జాంథోమోనాస్ ఒరైజే అనే బాక్టీరియా. ఆకు అంచుల్లోని సన్నటి నీటి రంధ్రాల ద్వారానో, గాలివానకు ఆకులు రాసుకుని పడిన గాయాల ద్వారానో అది లోపలికి చేరుతుంది. వేళ్ల నుంచి నీటిని పైకి తీసుకెళ్లే నాళాల్లో కాపురం పెడుతుంది. ఆకు కొస నుంచి అంచుల వెంబడి అలలు అలలుగా పసుపు చార దిగుతుంది, తర్వాత ఆకు ఎండిపోతుంది. యూరియా ఎక్కువ పడిన చేలో తీవ్రత ఇంకా పెరుగుతుంది. అనుమానం వస్తే రైతు స్వయంగా పరీక్షించుకోవచ్చు. ఎండుతున్న ఆకును కోసి, కోసిన కొసను గాజు గ్లాసులోని నీళ్లలో ముంచితే, కాసేపటికి పాలలాంటి తెల్లటి ధార దిగుతుంది. అది బాక్టీరియా గుంపు. ఈ తెగులు ఒకసారి పొలంలో పాకితే మందులతో అదుపు చేయడం చాలా కష్టం. మొక్కకే తట్టుకునే శక్తి ఉండాలి.

ఆ శక్తి కొన్ని వరి రకాల్లో పుట్టుకతోనే ఉంది. ఆఫ్రికాలోని మాలి దేశం నుంచి వచ్చిన ఒక అడవి వరిలో ఎక్స్‌ఏ21 అనే నిరోధక జన్యువును గుర్తించారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దాన్ని సంకరం ద్వారా సాగు వరిలోకి తెచ్చింది. 1995లో అమెరికా శాస్త్రవేత్త పమేలా రోనాల్డ్ బృందం ఆ జన్యువును విడదీసి, అందులో ఏముందో చదివింది. ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13 అనే మరో రెండు నిరోధక జన్యువులు సాగు వరిలోనే దొరికాయి.

జన్యువు అంటే ఏమిటి? వరి మొక్కలోని ప్రతి కణంలో 24 క్రోమోజోములు (డీఎన్‌ఏ పోగును చుట్టి ఉంచిన కట్టలు) ఉంటాయి. ఇవి 12 జతలు. ప్రతి జతలో ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుంది. డీఎన్‌ఏ పోగు ఏ, టీ, జీ, సీ అని పిలిచే నాలుగు రసాయన అక్షరాల వరుస. ఒక సెట్టు, అంటే 12 క్రోమోజోములను కలిపి చదివితే వరిలో సుమారు 39 కోట్ల అక్షరాలు ఉన్నాయి. ఈ మొత్తం వరుసనే జీనోమ్ (జన్యురాశి) అంటారు. ఆ వరుసలో ఒక ప్రోటీన్‌ను ఎలా తయారుచేయాలో చెప్పే భాగం జన్యువు. వరి జీనోమ్‌ను పూర్తిస్థాయిలో చదివిన అంతర్జాతీయ బృందం 2005లో ఫలితాన్ని ప్రచురించింది. అందులో భారత శాస్త్రవేత్తలు 11వ క్రోమోజోములో కొంత భాగం చదివారు. ఎక్స్‌ఏ21 ఉండేది ఆ 11వ క్రోమోజోము మీదే. ఎక్స్‌ఏ13 ఎనిమిదో క్రోమోజోము మీద, ఎక్స్‌ఏ5 ఐదో క్రోమోజోము మీద ఉంటాయి.

ఈ మూడు జన్యువులూ ఒకేచోట ఉన్న వరి మొక్క పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో అప్పటికే సిద్ధంగా ఉంది. దాన్ని సాంబ మసూరితో సంకరం చేస్తే సరిపోదా? సరిపోదు. సంకరంలో కావలసిన మూడు జన్యువులే రావు. అవతలి మొక్క జన్యువులన్నీ సగానికి సగం వస్తాయి. పుట్టే పిల్ల సగం సాంబ, సగం పరాయి. దాని గింజ సాంబ గింజలా ఉండదు, అన్నం సాంబ అన్నంలా ఉండదు. రైతు కోరేది సాంబ మసూరిని, దానికి తోడు నిరోధక శక్తిని.

దీనికి పాత ఉపాయం ఒకటుంది. పుట్టిన పిల్లను మళ్లీ సాంబతోనే సంకరం చేయాలి. దీన్ని బ్యాక్‌క్రాస్ (తిరిగి మూల రకంతోనే సంకరం చేయడం) అంటారు. మొదటి సంకరంలో సాంబ వాటా 50 శాతం. ఒకసారి తిరిగి సంకరం చేస్తే సగటున 75 శాతం అవుతుంది. తర్వాత వరుసగా 87.5, 93.75. నాలుగో బ్యాక్‌క్రాస్‌కు దాదాపు 97. ప్రతిసారీ మిగిలిన పరాయి భాగం సగానికి తగ్గుతుంది.

లెక్క తేలికగానే ఉంది. కానీ పరాయి భాగంతోపాటు మనం దాచుకోవాలనుకున్న జన్యువులు కూడా జారిపోతాయి. ప్రతి బ్యాక్‌క్రాస్‌లో ఒక నిరోధక జన్యువు పిల్లకు అందే అవకాశం సగం. మూడూ కలిసి అందాలంటే సగంలో సగంలో సగం. అంటే ఎనిమిది మొక్కల్లో సగటున ఒకటి. మిగతా ఏడింటినీ తీసేయాలి. ఆ ఎనిమిదింటిలో ఆ ఒక్కటి ఏదో తెలిసేదెలా?

బాక్టీరియాను ఎక్కించి చూస్తే తెలియదా అనిపిస్తుంది. ఇక్కడే రెండు చిక్కులున్నాయి. మొదటిది, ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13 అంతర్గత జన్యువులు (జతలోని రెండు ప్రతులూ ఒకటే అయితేనే ప్రభావం చూపేవి). బ్యాక్‌క్రాస్ మొక్కలో ఒక ప్రతి సాంబ నుంచి వస్తుంది, నిరోధక ప్రతి ఒక్కటే ఉంటుంది. కాబట్టి ఆ జన్యువు మొక్కలో ఉన్నా దాని బలం బయటపడదు. లేని మొక్కకూ ఉన్న మొక్కకూ పైకి తేడా లేదు. పాత పద్ధతిలో అయితే ప్రతి తరం తర్వాత ఒకసారి ఆ మొక్క గింజల్నే మళ్లీ నాటి, వాటి పిల్లల్లో రెండు ప్రతులూ కలిసినవి ఉన్నాయేమో చూడాలి. అంటే కాలం రెట్టింపు. రెండో చిక్కు ఇంకా లోతైనది. ఎక్స్‌ఏ21 బహిర్గత జన్యువు (ఒక్క ప్రతి ఉన్నా ప్రభావం చూపేది). అది మొక్కలో ఉంటే చాలు, ఆ మొక్క చాలా బాక్టీరియా రకాలను తట్టుకుంటుంది. అప్పుడు మిగతా రెండు జన్యువులు తోడున్నాయో, జారిపోయాయో తెగులు పరీక్ష చెప్పలేదు. బలమైన జన్యువు మిగతావాటి ఉనికిని కప్పేస్తుంది. కళ్లతో చూసి, తెగులు పెట్టి చూసి ఈ మూడింటినీ ఒకే మొక్కలో పోగుచేయడం దాదాపు అసాధ్యం.

అందుకే మొక్కను కాకుండా దాని డీఎన్‌ఏను నేరుగా చూడాలి. మార్కర్ పద్ధతి చేసేది అదే. మార్కర్ (గుర్తు) అంటే కావలసిన జన్యువు లోపలో, దానికి అతి దగ్గరలోనో ఉండే చిన్న డీఎన్‌ఏ భాగం. రెండు రకాల మొక్కల్లో ఆ భాగం పొడవులోనో, అక్షరాల్లోనో తేడా ఉండాలి. ఆ తేడాను పట్టుకుంటే పక్కన ఏ జన్యువు ఉందో తెలుస్తుంది.

పని నారుమడిలో మొదలవుతుంది. ప్రతి నారు మొక్కకు ఒక నంబరు ఇస్తారు. దాని నుంచి చిన్న ఆకు ముక్క తుంచుతారు. మొక్క చావదు, పెరుగుతూనే ఉంటుంది. ఆకును నూరి, సీటాబ్ అనే సబ్బు స్వభావమున్న రసాయనంలో వేడిచేస్తారు. కణాల పొరలు కరిగి లోపలి డీఎన్‌ఏ బయటికి వస్తుంది. క్లోరోఫామ్ కలిపి తిప్పితే ప్రోటీన్లు, కొవ్వు, పత్రహరితం ఒక వైపు, డీఎన్‌ఏ ఉన్న నీరు ఒక వైపు విడిపోతాయి. ఆ నీటికి చల్లటి ఆల్కహాల్ చేర్చితే డీఎన్‌ఏ తెల్లగా పేరుకుంటుంది. ఈ పనికి అరుదైన పరికరాలేమీ అక్కర్లేదు. ఓపిక, శుభ్రత కావాలి.

ఇలా తీసినదాంట్లో 39 కోట్ల అక్షరాలూ ఉన్నాయి. మనకు కావలసింది కొన్ని వందల అక్షరాల ముక్క. దాన్ని వెతికి, కంటికి కనిపించేంత మోతాదుకు పెంచేది పీసీఆర్ (డీఎన్‌ఏలో కోరిన ముక్కకే కోట్ల నకళ్లు తీసే పద్ధతి). అమెరికా రసాయన శాస్త్రవేత్త కేరీ ములిస్ 1983లో దీన్ని ఊహించాడు. 1993లో నోబెల్ అందుకున్నాడు. దీనికి ప్రైమర్లు (కావలసిన ముక్క రెండు కొసలకు సరిగ్గా అతుక్కునే చిన్న డీఎన్‌ఏ తుంపులు), నాలుగు అక్షరాల ముడిసరుకు, నకలు తీసే ఎంజైమ్ కావాలి. గొట్టాన్ని ముందు 94 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తారు. డీఎన్‌ఏలో జంటగా పెనవేసుకుని ఉండే రెండు పోగులూ విడిపోతాయి. తర్వాత 55 డిగ్రీల దరిదాపుకు చల్లారుస్తారు. ప్రైమర్లు తమ చోట్లను వెతుక్కుని అతుక్కుంటాయి. మళ్లీ 72 డిగ్రీలకు తెస్తే ఎంజైమ్ ప్రైమర్ దగ్గర మొదలుపెట్టి కొత్త పోగు అల్లుతుంది. ఒక చుట్టు పూర్తయితే ఒకటి రెండవుతుంది. రెండు నాలుగవుతాయి. 30 చుట్లు తిరిగేసరికి, లెక్క ప్రకారం, ఒక్క ముక్క 107 కోట్లు దాటుతుంది. యంత్రంలో ఇదంతా రెండు మూడు గంటల పని.

ఇందులో నాకు ఎంతో ఇష్టమైన విషయం ఆ ఎంజైమ్. 94 డిగ్రీల వేడిలో మామూలు ఎంజైములు పాడైపోతాయి. అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో థామస్ బ్రాక్ అనే శాస్త్రవేత్త 1960లలో ఒక బాక్టీరియాను కనుగొన్నాడు. ఆ వేడికి ఏ జీవి బతుకుతుందో తెలుసుకోవాలన్న కుతూహలమే తప్ప ఆయనకు వేరే అవసరం లేదు. ఆ బాక్టీరియా ఎంజైమే ఇవాళ లెక్కలేనన్ని పీసీఆర్ గొట్టాల్లో పనిచేస్తోంది. ఏ ఉపయోగమూ కనిపించని పరిశోధనకు డబ్బెందుకు అని అడిగేవారికి దీనికంటే మంచి జవాబు నాకు తెలియదు.

నకళ్లు తయారయ్యాక వాటి పొడవు కొలవాలి. దానికి జెల్ ఎలక్ట్రోఫోరెసిస్ (విద్యుత్తుతో డీఎన్‌ఏ ముక్కలను పొడవు ప్రకారం విడదీయడం) వాడతారు. సముద్రపు నాచు నుంచి తీసే అగరోస్‌ను కాచి పలకలా పోస్తారు. ఒక కొసన గుంటలు చేసి నకళ్లను వాటిలో వేసి కరెంటు పెడతారు. డీఎన్‌ఏకు రుణావేశం ఉంటుంది కాబట్టి ధన ధ్రువం వైపు కదులుతుంది. జెల్ లోపల కంటికి కనిపించని సందులు జల్లెడలా పనిచేస్తాయి. పొట్టి ముక్కలు త్వరగా జారి ముందుకెళ్తాయి, పొడవైనవి వెనకబడతాయి. డీఎన్‌ఏకు అంటుకునే రంగు కలిపి, అతినీలలోహిత కాంతిలో చూస్తే గీతలు మెరుస్తాయి. ఎక్స్‌ఏ21కు వాడిన మార్కర్ ముక్క నిరోధక మొక్కలో పొడవు ఎక్కువ, సాంబలో తక్కువ. ఒక మొక్క గడిలో రెండు గీతలూ కనిపిస్తే దానికి రెండు వైపుల ప్రతులూ అందినట్టు. బ్యాక్‌క్రాస్ తరంలో వెతికేది సరిగ్గా అలాంటి మొక్కనే. అంతర్గత జన్యువులను తెగులు పరీక్ష చూపించలేదు, జెల్ చూపిస్తుంది. ఒక్కోసారి రెండు రకాల ముక్కలూ ఒకే పొడవుంటాయి. అప్పుడు రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌తో (నిర్ణీత అక్షరాల వరుస కనబడ్డచోటే డీఎన్‌ఏను కోసేది) కోసి చూస్తారు. ఒక రకంలో ఆ వరుస ఉంటే రెండు ముక్కలవుతుంది, రెండో రకంలో లేకపోతే చెక్కుచెదరదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. మార్కర్ పక్కన ఉన్నంత మాత్రాన జన్యువు ఉన్నట్టే అని కాదు. పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు జత క్రోమోజోములు తమ భాగాలను ఇచ్చిపుచ్చుకుంటాయి. మార్కర్‌కూ జన్యువుకూ మధ్య ఎడం ఎక్కువుంటే ఈ మార్పిడిలో రెండూ విడిపోవచ్చు. అప్పుడు జెల్ మీద గీత ఉంటుంది, మొక్కలో జన్యువు ఉండదు. అందుకే మార్కర్ ఎంత దగ్గరగా ఉంటే అంత నమ్మకం. చివర్లో తెగులు పరీక్ష తప్పనిసరి కావడానికీ కారణం ఇదే.

మూడు జన్యువులూ ఉన్న మొక్కలు దొరికాక ఇంకో ఎంపిక ఉంటుంది. బ్యాక్‌క్రాస్‌లో 75 శాతం, 87.5 శాతం అన్నవి సగటు లెక్కలు. ఒక మొక్కలో సాంబ వాటా సగటుకంటే ఎక్కువ, మరోదాంట్లో తక్కువ ఉంటుంది. 12 క్రోమోజోముల పొడవునా చెదురుగా ఉన్న మార్కర్లతో చూస్తే ఎవరెంత సాంబో తెలుస్తుంది. వాటిలో ఎక్కువ సాంబ ఉన్న మొక్కనే తర్వాతి సంకరానికి తీసుకుంటారు. దీనికి వాడేవి డీఎన్‌ఏలో రెండు మూడు అక్షరాలు పదేపదే తిరిగివచ్చే చోట్లు. ఎన్నిసార్లు తిరిగివస్తాయన్నది రకాన్ని బట్టి మారుతుంది. మనుషుల్లోనూ ఇలాంటి చోట్లున్నాయి. నేరపరిశోధనలో, తండ్రి ఎవరో తేల్చే కేసుల్లో డీఎన్‌ఏ పరీక్ష ఆధారపడేది వాటి మీదే.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం), అప్పట్లో వరి పరిశోధన సంచాలకాలయంగా ఉన్న నేటి భారతీయ వరి పరిశోధన సంస్థ ఈ పనిని కలిసి చేశాయి. నాలుగు బ్యాక్‌క్రాస్‌ల తర్వాత ఎంచిన మొక్కల గింజల్నే మళ్లీ నాటారు. ఒక్కో జన్యువుకు రెండు ప్రతులూ నిరోధకమైనవే అయ్యే అవకాశం నాలుగింట ఒకటి. మూడింటికీ కలిపి 64లో ఒకటి. అలాంటి మొక్కల ఆకు కొసలను బాక్టీరియాలో ముంచిన కత్తెరతో కత్తిరించి, తెగులు ఎంత దూరం దిగుతుందో కొలిచారు. సాంబలో చార ఆకు పొడవునా పాకుతుంది. కొత్త మొక్కల్లో కత్తిరించిన చోటి దగ్గరే ఆగిపోయింది. 2008లో 'ఇంప్రూవ్డ్ సాంబ మసూరి' పేరుతో రకం విడుదలైంది.

మూడు జన్యువులు ఎందుకు? ఒక్కటి చాలదా? బాక్టీరియా కూడా మారుతుంది. ఒక్క అడ్డంకి ఉంటే దాన్ని దాటే రకం త్వరలోనే పుట్టుకొస్తుంది. ఈ మూడూ మూడు వేర్వేరు మార్గాల్లో అడ్డుకుంటాయి. ఎక్స్‌ఏ21 తయారుచేసే ప్రోటీన్ కణం ఉపరితలం మీద కాపలా ఉంటుంది. బాక్టీరియా విడిచే ఒక చిన్న ప్రోటీన్‌ను అది గుర్తుపట్టి కణాన్ని హెచ్చరిస్తుంది. మిగతా రెండింటి పని వేరు. ఈ బాక్టీరియా తన ప్రోటీన్లను మొక్క కణంలోకి ఎక్కించి, చక్కెరను బయటికి పంపే ఒక వరి జన్యువును ఆన్ చేయిస్తుంది. బయటికొచ్చిన చక్కెర బాక్టీరియాకు తిండి. ఎక్స్‌ఏ13 రకంలో ఆ చక్కెర జన్యువు ముందు భాగం మారిపోయి ఉంటుంది. బాక్టీరియా ప్రోటీన్ అతుక్కోవాల్సిన చోటే అక్కడ లేదు. జన్యువులను పనిలోకి దించే యంత్రాంగంలోని ఒక ప్రోటీన్‌ను కూడా బాక్టీరియా వాడుకుంటుంది. ఎక్స్‌ఏ5లో ఆ ప్రోటీన్ 39వ అమైనో ఆమ్లం (ప్రోటీన్ గొలుసులో ఒక పూస) మారింది. దాంతో బాక్టీరియాకు పట్టు దొరకదు. ఈ మూడింటినీ ఒకేసారి దాటాలంటే బాక్టీరియాలో మూడు మార్పులు కలిసి రావాలి.

ఇంప్రూవ్డ్ సాంబ మసూరి జన్యుమార్పిడి పంట కాదు. 2002లో మన దేశంలో అనుమతి పొందిన బీటీ పత్తిలో నేలలోని బాక్టీరియా జన్యువును ప్రయోగశాలలో చొప్పించారు. ఇక్కడ ప్రతి జన్యువూ వరి నుంచి వరికి పుప్పొడి ద్వారానే వచ్చింది. ప్రయోగశాల చేసింది చదవడం, ఎంచడం. డీఎన్‌ఏలో ఒక్క అక్షరాన్నీ మార్చలేదు.

కమల సంగతి వేరు. అక్కడ మార్చారు. వరిలో సీకేఎక్స్2 అనే జన్యువు ఒక ఎంజైమ్‌ను తయారుచేస్తుంది. ఆ ఎంజైమ్ సైటోకైనిన్ (మొక్కలో కణవిభజనను పెంచే హార్మోన్) ను విరిచేస్తుంది. ఆ జన్యువు బలహీనపడితే వెన్నులో సైటోకైనిన్ నిలుస్తుంది, గింజలు ఎక్కువ పడతాయి. జపాన్ శాస్త్రవేత్తలు 2005లోనే దీన్ని చూపించారు. కమలలో ఆ జన్యువును మార్చడానికి వాడిన క్రిస్పర్ (డీఎన్‌ఏను ఎంచిన చోట కోసే పద్ధతి) లో రెండు భాగాలుంటాయి. కోయాల్సిన చోటును వెతికే చిన్న ఆర్ఎన్ఏ (డీఎన్‌ఏను పోలిన ఒంటి పోగు) ఒకటి, కోసే ప్రోటీన్ ఒకటి. కోసిన తర్వాత కణం తనంతట తానే ఆ గాయాన్ని అతుకుతుంది. అతికేటప్పుడు తరచూ కొన్ని అక్షరాలు పోతాయి లేదా అదనంగా చేరతాయి. దాంతో జన్యువు పని దెబ్బతింటుంది. కావలసింది ఆ దెబ్బే. కోసే ప్రోటీన్ జన్యువును మొదట మొక్కలో చేర్చినా, తర్వాతి తరంలో అది అందని పిల్లలు పుడతారు. ఒకే చోట చేరి ఉంటే నాలుగింట ఒకటి అలా పుడుతుంది. పీసీఆర్‌తో వెతికి ఆ మొక్కనే ఉంచుకుంటారు. పరాయి డీఎన్‌ఏ మిగలని ఇలాంటి మొక్కలకు కేంద్ర పర్యావరణ శాఖ 2022 మార్చి 30న జన్యుమార్పిడి నిబంధనల్లో ముఖ్యమైన వాటి నుంచి మినహాయింపు ఇచ్చింది.

సాంబతో పోలిస్తే కమల 20 రోజులు ముందు కోతకు వస్తుందని, దిగుబడి 19 శాతం ఎక్కువని అధికారికంగా ప్రకటించారు. క్షేత్ర పరీక్షల లెక్కలపై విమర్శలు కూడా వచ్చాయి. క్రిస్పర్ మీద పేటెంట్లు విదేశీ సంస్థల దగ్గరున్నాయి. నా దృష్టిలో ఇక్కడ అడగాల్సినవి స్పష్టమైన ప్రశ్నలు. అనుకున్న చోట ఏ అక్షరాలు మారాయి? అనుకోని చోట్ల కోత పడలేదని జీనోమ్ మొత్తం చదివి చూశారా? కోసే జన్యువు మిగలలేదని చూపే జెల్, ఎన్ని చోట్ల ఎన్ని కాలాల్లో ఎంత పండిందో చెప్పే పట్టిక అందరికీ అందుబాటులో ఉన్నాయా? ఇవన్నీ కొలవగలిగినవే. కాబట్టి చూపించగలిగినవే.

ఇంకొక్క విషయం. సీకేఎక్స్2ను మార్చినంత మాత్రాన ఎండాకు తెగులును తట్టుకునే శక్తి రాదు. ఆ రెండు గుణాలూ ఒకే మొక్కలో కావాలంటే కమలను ఇంప్రూవ్డ్ సాంబ మసూరితో సంకరం చేయాలి. సీకేఎక్స్2 ఒకటో క్రోమోజోము మీద ఉంది, నిరోధక జన్యువులు ఐదు, ఎనిమిది, 11 మీద. నాలుగూ వేర్వేరు క్రోమోజోములు కాబట్టి దేనికది విడిగా పంచుకుపోతాయి. రెండో తరంలో నాలుగింటికీ రెండేసి ప్రతులు కలిసిన మొక్క 256లో సగటున ఒకటి. నారుమడిలో ప్రతి మొక్క నుంచీ ఆకు ముక్క తుంచి, మూడింటిని జెల్ మీద, నాలుగోదాన్ని అక్షరాలు చదివి పోల్చుకోవాలి.